రెండు బాక్సుల మధ్య అక్క

పొడుగు స్పీకర్ బాక్సులు కొన్న ప్రతివాడూ ముందు చేసే పని వాటిని తీసుకెళ్ళి గది మూలల్లో నిలబెట్టడం. చోటు కలిసొస్తుందని. మూలన పెడితే ఖాళీ డ్రమ్ములో తలపెట్టి పాడినట్టు పాటంతా బొంయ్‌మంటుంది. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు. "ప్రేమయ్య భయ్యా, మాల్ ఖరాబ్ ఉన్నట్టుంది" అంటారు. మాల్‌కేం కాలేదు నాయనా, పెట్టినవాడికే తెలివి లేదు అని మొహం మీదే అనేస్తాను. ముప్పై ఏళ్ళుగా పోర్ట్ బ్లెయిర్‌లో మైక్ సెట్టు పని చేస్తున్నాను. పెళ్ళిళ్ళు, చర్చి కూటాలు, దుర్గాపూజలు, అన్నీ చేశాను. నేనుండే డాలీగంజ్‌లో నా పనంటే ఇష్టపడేవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, నా నోరంటే ఇష్టపడేవాళ్ళు తక్కువ.

చాందిని ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ నోరు లేవలేదు.

చాందిని మా అక్క నాన్సీ కూతురు. అక్క సునామీలో పోయింది. అప్పటికి ఈ పిల్లకి ఆరేళ్ళు. తండ్రి ఏడాది తిరక్కుండా వైజాగ్ వెళ్ళి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మా అమ్మ మేరమ్మా నేనూ కలిసి పెంచాం. అమ్మ పోయి రెండేళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. లోకంలో నన్ను మావయ్యా అని పిలిచే మనిషి చాందిని ఒక్కతే.

"మావయ్యా, చెన్నై నుంచి బాక్సులొచ్చి వారమైంది. నేనే పెట్టుకున్నాను. గొంతు సరిగ్గా నిలబడ్డం లేదు. ఒకసారి రావా?" అంది.

"నీకీ పాటల పిచ్చి ఎప్పట్నుంచి?"

"నువ్వు రా. వచ్చాక చెప్తాను."

లంబాలైన్‌లో రన్‌వే వెనకాల వాళ్ళ ఇల్లు. మొగుడు మనోజ్ ఓడలో ఇంజన్ పని చేస్తాడు. వెళ్తే పదిహేను రోజులు రాడు. చాందినికి ఏడో నెల. తలుపు తీసేటప్పటికి నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసపడుతోంది. "కూర్చో తల్లీ, నువ్వేమీ ముట్టుకోకు" అని గదిలోకి వెళ్ళాను.

ఒకప్పుడు సామాన్ల గది అది. పది అడుగుల వెడల్పు, పదకొండు పొడవు, చెయ్యెత్తితే ఇంచుమించు అందే కప్పు. వరండా వైపు ఒక తలుపు, ఇంకోవైపు చిన్న కిటికీ, ఒక బల్ల, ఒక కుర్చీ. నేననుకున్నట్టే బాక్సులు రెండూ మూలల్లో నిలబడి ఉన్నాయి. నా నడుం దాటి ఎత్తున్నాయి. మంచి సరుకు. గదిలో కాస్త చెమ్మ వాసన వేసింది. నవంబరు నెల, వానలు, ఈ ద్వీపంలో ఏ గది చెమ్మ వాసన వెయ్యదు గనక అనుకున్నాను.

మధ్యాహ్నమంతా అదే పని. బాక్సులు వెనక గోడకి రెండున్నర అడుగులు ముందుకి లాగాను. పక్క గోడలకి రెండేసి అడుగులు వదిలాను. బాక్సుకీ బాక్సుకీ ఆరడుగులు, ఒక్కో బాక్సుకీ కుర్చీకీ ఆరడుగులు. టేపు పెట్టి కొలిచి నేల మీద గుర్తులు అంటించాను. బాక్సుల మొహాలు కొంచెం కుర్చీ వైపు తిప్పాను. మోత తగ్గడానికి పక్క గోడలకి రెండు బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాను. చాందిని గుమ్మంలో కూర్చుని జామకాయ తింటూ నన్ను ఆటపట్టిస్తోంది.

"అంగుళం జరపడానికి ఇంతసేపా మావయ్యా? పిల్ల పుట్టి నడిచేలా ఉంది."

"నీ మొగుడు ఇంజన్లో నట్టు అంగుళం తప్పు బిగిస్తే ఓడ ఎక్కడికెళ్తుందో అడుగు. ఇదీ అంతే."

రెండు బాక్సుల్లోంచి ఒకే గొంతు సరిసమానంగా వస్తే చెవి మోసపోతుంది. ఆ గొంతు ఎడమ బాక్సులో ఉన్నట్టూ ఉండదు, కుడి బాక్సులో ఉన్నట్టూ ఉండదు. మధ్యలో, ఏమీ లేనిచోట, మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తుంది. అది కుదిరిందో లేదో చూడ్డానికి నాదొక పద్ధతి ఉంది. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటాను. గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో అటు వేలు చూపిస్తాను. పక్కనున్నవాళ్ళు ఆ వేలి సూటిన ఎదురు గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాలి. బాక్సుల ఎత్తులోనే, సరిగ్గా మధ్యలో గుర్తు పడిందా, పని అయిపోయినట్టు.

విమానాలు ఆగేదాకా కాచుకున్నాం. ఆఖరిది లేచిపోయేటప్పటికి ఐదయింది. మా ద్వీపాల్లో ఆ వేళకే చీకటి పడిపోతుంది. చాందిని దీపం వేసి, కిటికీ మూసి, కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది.

"ఏం పాట పెడుతున్నావు?"

"అమ్మది. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో క్యాసెట్టు దొరికింది. మన చర్చిలో క్రిస్మస్ రాత్రి పాడింది. కంప్యూటర్లోకి ఎక్కించాను." నా వైపు చూడకుండా అంది. "అమ్మ మొహం నాకు గుర్తు లేదు మావయ్యా. కనీసం నా ఎదురుగా నిలబడి పాడినట్టు వినాలని ఉంది. అందుకే కొన్నాను ఇవన్నీ."

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను.

ఆ క్యాసెట్టు నాకు తెలియకపోవడమేమిటి, రికార్డు చేసిందే నేను. రెండువేల నాలుగు, దక్షిణాన ఇంకో దీవిలో ఉన్న హట్‌బేలో, సముద్రం ఒడ్డున మన తెలుగువాళ్ళ చిన్న చర్చిలో. ఆ ఏడాదే నేను సొంతంగా రెండు నిలువు బాక్సులు చేశాను. పడాక్ చెక్క, ఎర్రటి నునుపు. ఎనిమిది నెలలు రాత్రింబవళ్ళు రంపం పట్టి చేశాను. క్రిస్మస్‌కి వాటిని ఓడలో వేసుకుని హట్‌బే వెళ్ళాను. అక్కా పాపా నాతో వచ్చారు. అక్క పాడింది, నేను రికార్డు చేసి క్యాసెట్టు జేబులో వేసుకున్నాను. మర్నాడు ఆదివారం, సామాన్లు సర్దుతుంటే పొద్దున్నే భూమి కదిలింది. గోడ బీటలు వారింది. అందరూ బయటికి పరిగెత్తారు. కాసేపటికి చీలమండల దాకా నీళ్ళొచ్చాయి చర్చిలోకి. వచ్చి వెనక్కి పోతున్నాయి.

నాకు బాక్సుల మీదే ప్రాణం. ఒకటి భుజాన ఎత్తుకున్నాను. చాందినిని నా చొక్కా పట్టుకోమన్నాను. అక్క "అందరూ పైకి పోతన్నారురా, పద" అంది. నేను కసిరాను. "రెండోది బల్ల మీదికెక్కించి పట్టుకో. ఉప్పునీళ్ళు తగిల్తే చెక్క పోతుంది. నేనొచ్చేదాకా వదలకు" అన్నాను. అక్క నవ్వింది. "సరేలే, బేగి రా" అంది.

పైన రోడ్డెక్కి వెనక్కి చూశాను. సముద్రం లోపలికి పోయి, అడుగున ఉన్న రాళ్ళు కనపడుతున్నాయి. దూరాన తెల్లటి గీత. చర్చి నుంచి నేనున్న చోటికి కేకేస్తే వినపడే దూరం. మైక్ పని చేసేవాణ్ణి, నాకు లేని గొంతా? నేను కేకెయ్యలేదు. బాక్సు అక్కడే పడేసి, పాపని ఎత్తుకుని కొండ మీదికి పరిగెత్తాను.

అక్క దొరకలేదు. నేను చేసిన బాక్సు మాత్రం మూడోరోజు చర్చి దూలం మీద దొరికింది. చుక్క నీరు తగల్లేదు.

మా అమ్మకి నేనేం చెప్పానో తెలుసా? వదిలేసి రమ్మని బతిమాలాను, అక్క వినలేదు, బాక్సు బాక్సు అంటూ ఉండిపోయింది అని చెప్పాను. దూలం మీద బాక్సు చూసినవాళ్ళంతా నమ్మారు. పిల్లని కాపాడిన మావయ్యనని నన్ను మెచ్చుకున్నారు. అమ్మ చచ్చిపోయేదాకా అక్కని తిడుతూనే ఉంది. ఆ తిట్లు వింటూ పెరిగింది చాందిని.

ఇరవై ఏళ్ళు... నోరు విప్పలేదు నేను.

"మావయ్యా, కూర్చో. నీ వేలు చూపించు" అంది చాందిని, సుద్ద పట్టుకుని.

కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను.

ముందు టేపు గరగర. ఆ తర్వాత చర్చిలో బల్లలు కదిలిన చప్పుడు, ఎవరో దగ్గారు. అక్క గొంతు అందుకుంది. మా నాన్న కట్టిన క్రిస్మస్ పాట. ఆ గొంతు విని ఇరవై ఏళ్ళయింది.  వేలెత్తి చూపించాను. పాట అయ్యేదాకా దించలేదు.

కళ్ళు తెరిచేటప్పటికి చాందిని బల్లకి చెయ్యి ఆనించి, మునివేళ్ళ మీద నిలబడి ఉంది. సుద్ద గుర్తు మధ్యలోనే పడింది. కాని కప్పుకి జానెడు కింద పడింది.

"అంత పైన పెట్టావేం?"

"నువ్వే అక్కడ చూపించావు."

అలా జరగడానికి లేదు. బాక్సుల ఎత్తు మూడున్నర అడుగులు. గొంతు కప్పు దగ్గరికి ఎక్కడానికి అక్కడేముంది? వేరే పాట పెట్టమన్నాను. ఎవరిదో సినిమా పాట పెట్టింది. వేలు చూపించాను. గుర్తు బాక్సుల ఎత్తులో, మధ్యలో, అచ్చంగా పడాల్సిన చోట పడింది. మళ్ళీ అక్క పాట పెట్టమన్నాను.

కప్పు దగ్గర. ఇంతకు ముందు పెట్టిన గుర్తు మీదే.

"అమ్మ అంత పొడుగా మావయ్యా?" అంది చాందిని మెల్లగా.

"కాదు. నా భుజం దాకా ఉండేది."

మరి అంత పైనుంచి ఎలా అని ఆ పిల్ల అడగలేదు. నాకు మాత్రం తెలిసింది. బల్ల ఎక్కి నిలబడితే అంత ఎత్తుంటుంది.

చాందిని కుర్చీ పక్కన నేల మీద కూలబడింది. కడుపు మీద చెయ్యి వేసుకుని అంది. "అమ్మమ్మ ఒకటే మాట అనేది. మీ అమ్మకి నీకన్నా చెక్కపెట్టె ఎక్కువైంది అని. వీడు కడుపులో తన్నినప్పుడల్లా అదే గుర్తొస్తోంది. నేనూ ఆవిడ కూతుర్నే కదా. నేనూ అలాంటి తల్లినే అవుతానేమో."

చెప్పాల్సింది అప్పుడే.  "ఎడమ బాక్సు కాస్త జరపాలి" అన్నాను.

చాందిని టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. నేను బాక్సు వెనకాల వంగి ఉన్నాను. కరెంటు పోయింది. లంబాలైన్ మొత్తం పోయినట్టుంది, పక్కిళ్ళ టీవీలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. బాక్సుల్ని నడిపించే ఆంప్లిఫయర్ మీద దీపం ఆరిపోయింది. 

ఆ తర్వాత టేపు గరగర వినిపించింది.

కరెంటు లేదు. ఆంప్లి వేడి చల్లారిపోయింది, చెయ్యి పెట్టి చూశాను. గరగర మాత్రం వస్తోంది. దాని వెంట వాసన వచ్చింది. నాచు వాసన, నీళ్ళలో కలిసిన కిరసనాయిలు వాసన, వాటి కింద పడాక్ చెక్క వాసన. ఎనిమిది నెలలు నా చేతులకి అంటుకున్న వాసన అది. నేను మర్చిపోతానా...

"ఒరే తమ్ముడూ..."

కప్పు దగ్గరినుంచి. పాట కాదు. మామూలుగా, ఇంట్లో పిలిచినట్టు.

"చేతులు లాగేస్తన్నాయిరా..."



"వదిలెయ్యనా?"

అంతే. కోపం లేదు ఆ గొంతులో. అడుగుతోంది. వదలొద్దని తమ్ముడు చెప్పాడు కాబట్టి, వాడు ఒప్పుకుంటేనే వదలాలని, అడుగుతోంది. వదిలెయ్యక్కా అని ఒక్క మాట అంటే చాలు. వంటింట్లో గిన్నె చప్పుడైంది. గట్టిగా అంటే చాందిని వింటుంది. ఏమిటి వదిలెయ్యమన్నావు అంటుంది. తర్వాత అంతా బయటికొస్తుంది. నోరు నొక్కుకున్నాను... అక్క ఇంకోసారి అడిగింది... ఇంకోసారి...

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. పనివాడి తెలివి చూపించాను. ఒక బాక్సుకి వైర్లు తిరగేసి బిగిస్తే, ప్లస్సుకి మైనస్సు, రెండు బాక్సులూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. మధ్యలో గొంతు నిలబడదు. చెదిరిపోతుంది. కొత్తవాళ్ళు తెలియక చేసే తప్పు అది. నేను తెలిసి చేశాను. ఫోన్ టార్చి నోట పట్టుకుని, కుడి బాక్సు వైర్లు తిరగేశాను. మా అక్కకి నిలబడే చోటు లేకుండా చేద్దామని.

గరగర ఆగిపోయింది. కరెంటొచ్చింది. చాందిని టీ గ్లాసులతో వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు మావయ్యా?"

"ఎవరూ లేరు. చలో, ఇంక చాలు ఈ పూటకి."

"ఒక్కసారి నేను కూర్చుని వింటాను" అంటూ కుర్చీలో కూర్చుంది. నేను వద్దనేలోపే పాట పెట్టేసింది. కళ్ళు మూసుకుంది.

వైర్లు తిరగేస్తే గొంతు పోతుందనుకున్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం నాది, అది కూడా గుర్తు రాలేదు. గొంతు పోదు. ముందునుంచి తప్పుకుంటుంది, అంతే. వినేవాడి తల వెనక్కి వస్తుంది.

చాందిని భుజాలు బిగుసుకున్నాయి. కళ్ళు మాత్రం తెరవలేదు.

"మావయ్యా..." గుసగుసగా అంది. "అమ్మ నా వెనకాల ఉంది."

కుర్చీ వెనక ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. పాట సగంలో ఆగింది. గరగర.

"తమ్ముడూ... వదిలెయ్యనా?"

"ఎవర్ని అడుగుతోంది మావయ్యా?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"వారం నుంచి అడుగుతోంది. నాకు సరిగ్గా వినపడేది కాదు. నన్నే అడుగుతోందనుకుని, నేను ఏమనాలో తెలిసేది కాదు. అందుకే నిన్ను పిలిచాను." కళ్ళు మూసుకునే అంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఏం వదిలెయ్యమని చెప్పాలి మావయ్యా? నీకు తెలుసు కదా?"

 చెప్పాను. బాక్సు సంగతి, నేను కసిరిన సంగతి, వదలకు అన్న సంగతి. కేకేస్తే వినపడే దూరంలో ఉండి కేకెయ్యని సంగతి. మీ అమ్మమ్మకి అబద్ధం చెప్పింది నేనే, మీ అమ్మ పెట్టె కోసం ఉండలేదు, నేను ఉండమన్నాను కాబట్టి ఉంది అని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. కప్పు వైపు చూసి, తర్వాత కుర్చీ వెనక్కి చూసి, "అక్కా, వదిలెయ్యి. వదిలేసి వచ్చెయ్" అన్నాను.

కుర్చీ వెనకనుంచే అక్క గొంతు వచ్చింది.

"నువ్వెక్కడున్నావురా?"

కొండ మీదున్నానని చెప్పనా?

చాందిని కళ్ళు తెరిచింది. నా వైపు కాదు, ఎదురు గోడ మీది సుద్ద గుర్తు వైపు చూస్తోంది. "నన్ను నీతో పంపేటప్పుడు అమ్మ ఏడ్చిందా?" అంది.

"లేదు. నవ్వింది. బేగి రా అంది."

"సరే. ఇంక నువ్వెళ్ళు మావయ్యా."

ఉంటానన్నాను. మళ్ళీ అదే మాట అంది. గొంతు పెంచలేదు. వచ్చేశాను. అవును, మళ్ళీ వచ్చేశాను.

రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే పనిముట్ల సంచీ వంకతో వెళ్ళాను. చాందిని తలుపు తీసి పక్కకి తప్పుకుంది. గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయాను.

నాలుగు గోడల మీదా ఒకటే ఎత్తులో తడిగీత. నా తలకి బెత్తెడు పైన. గీత కింద సున్నం నల్లబడింది. బొంతలు నీళ్ళోడుతున్నాయి. గీత పైన అంతా పొడి. నేల కూడా పొడి. కుర్చీ ముట్టుకున్నాను, పొడి. గోడ మీద వేలు రాసి నాలిక్కి తగిలించాను. ఉప్పు.

"రోజూ వస్తుంది. పొద్దెక్కితే ఆరిపోతుంది. నువ్వు మధ్యాహ్నం వచ్చావు, నీకు కనపడలేదు" అంది చాందిని. "మొదటి రోజు చీలమండ దాకా. నిన్న పొద్దున్న నడుం దాకా. నువ్వు చెప్పి వెళ్ళాక ఇదిగో, ఇంత."

నిన్న రాత్రి ఆ కుర్చీలో ఈ పిల్ల కూర్చుని ఉంది. ఆ గీతకి ఎంత కింద కూర్చుందో లెక్క వేసుకున్నాను.

"చాందినీ, ఈ ఇల్లొద్దు. డాలీగంజ్ వచ్చెయ్. మనోజ్‌కి నేను చెప్తాను."

"ఇరవై ఏళ్ళు అమ్మని తిట్టుకున్నాను మావయ్యా. ప్రతి క్రిస్మస్‌కీ తిట్టుకున్నాను. నీకేమో మొదటి కేకు ముక్క కోసి పెట్టాను." ఆ మాట అనేటప్పుడు కూడా దాని కళ్ళలో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆరోజు నీ చొక్కా పట్టుకుని అమ్మనొదిలేసి వచ్చేశాను. ఈసారి రాను. అక్కడ అమ్మ ఒక్కతే ఉంది."

"కడుపులో బిడ్డ ఉందే తల్లీ. నీళ్ళు..."

"నీళ్ళొస్తే బిడ్డని అమ్మే ఎత్తి పట్టుకుంటానంది" అని తలుపు మూసింది.

ఇవాళ్టికి ఆరు రోజులు. రోజూ సాయంత్రం వచ్చి ఈ వరండాలో, గది తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చుంటున్నాను. ఐదు గంటలకి చాందిని లోపలికి వెళ్ళి గడియ వేసుకుంటుంది. బల్ల ఈడ్చిన చప్పుడు వినిపిస్తుంది. దాని మీదికి ఎక్కిన చప్పుడు. తర్వాత ఇద్దరాడవాళ్ళ మాటలు. ఒక్కోసారి నవ్వులు. మెయిన్ స్విచ్ పీకేసి చూశాను, మాటలు ఆగలేదు. మొన్న గునపం తెచ్చి తలుపుకి ఆనించాను. లోపల్నుంచి అక్క గొంతు, "ఎవరది?" అంది. గునపం కింద పెట్టేశాను. నేనేనక్కా అని చెప్పడానికి నాకు మొహం లేదు. మనోజ్‌కి ఫోన్ చేస్తే, "రోజూ మాట్లాడుతూనే ఉన్నానండీ, సంతోషంగానే ఉంది కదా" అంటాడు. వాడి ఓడ సోమవారం వస్తుంది. వాడికీ, ఇంకెవరు విన్నా వాళ్ళకీ తెలియాలనే ఇదంతా ఫోన్లో రికార్డు చేస్తున్నాను.

నాలుగు రోజులుగా వాన లేదు. ఇందాక తలకి చల్లగా తగిలితే టార్చి వేసి చూశాను. బయటి గోడ మీద, కూర్చున్న నా నెత్తి ఎత్తున, తడిగీత ఉంది. దాని కింద నా చొక్కా పొడిగానే ఉంది.

లేచి తలుపు మీద చెయ్యి వేశాను. అవతల్నుంచి ఏదో నిండుగా ఆనుకున్నట్టు చెక్క ఉబ్బి, బరువుగా ఉంది. గడప దగ్గర నేల తడిమాను. తడి లేదు. చాందినీ అని పిలిచాను. ఈసారి గట్టిగానే కేకేశాను. ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

ఇప్పుడు లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. నా చెవి ఎప్పుడూ తప్పు చెప్పదు. ఏడుపు గది మధ్యలోనుంచే వస్తోంది, కాని కప్పు దగ్గర, దూలానికి ఆనుకున్నంత పైనుంచి.

చాందినికి ఇంకా ఏడో నెలే.